వంతెన కింద ముళ్ళపొదలు

ఏప్రిల్ 9

నది దారి పని మాకే వచ్చింది. పాత రాతి వంతెన దగ్గర మొదలై పడవల రేవు దాకా నడక దారి, దాని పక్కన చెట్లు, వాలు మీద గడ్డి, నీటి అంచున జమ్ము, తుంగ. ఇన్నేళ్ళూ ఎవరెవరి ఇళ్ళ ముందో లాన్లు పరుస్తూ బతికాను. ఇది నాది అని చెప్పుకోదగ్గ మొదటి పని.

పొద్దున అందరం కలిసి సైటు చూశాం. మా సార్, ఇంజనీరు, నది కమిటీ అధ్యక్షురాలు, నేను. ఆవిడ చెప్పు బురదలో కూరుకుపోతే "ఇది కూడా మీ డిజైనేనా అండీ?" అని నవ్వింది. మంచి మనిషి. వంతెన రాళ్ళ సందుల్లో గబ్బిలాలున్నాయి, కింద దీపాలు పెట్టొద్దు అని నేను గట్టిగా పట్టుబడితే శ్రద్ధగా విన్నది. "సరే, మీ గబ్బిలాల నిద్ర చెడగొట్టం" అంది.

ఒడ్డు వైపున్న మొదటి కమాను కిందికి నీళ్ళు రావు. అక్కడ మనుషులు ఉంటున్నారు. అట్టపెట్టెలు, దుప్పట్లు, తాడు మీద ఆరేసిన చొక్కా. ముగ్గురో నలుగురో.

వాళ్ళలో ఒకరు అన్నయ్య.

గడ్డం పెరిగింది. బాగా చిక్కిపోయాడు. అటు తిరిగి దుప్పటి మడత పెట్టుకుంటున్నాడు. నన్ను చూడలేదు.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, నన్ను చూడలేదు కదా.

ఏప్రిల్ 10

అమ్మ పొద్దున్నే అడిగింది, అన్నయ్య ఫోను చేశాడా అని. చేశాడన్నాను. ఫ్యాక్టరీలో పని ఎక్కువగా ఉందట అన్నాను.

ఆ ఫ్యాక్టరీని ఎప్పుడు కట్టానో నాకే గుర్తులేదు. మొదట్లో అది గోదాము. అన్నయ్య వేరే ఊళ్ళో గోదాములో కాపలాకి కుదిరాడని అమ్మకు చెప్పాను. కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ అయింది. ఇప్పుడు దానికి క్యాంటీన్ కూడా ఉంది. అన్నం మెత్తగా వండుతారట అని నేనే చెప్పాను. అమ్మకి ఆ మాట బాగా నచ్చింది. ఎదురింటావిడతో కూడా చెప్పుకుంది.

ఏప్రిల్ 11

నిద్ర పట్టడం లేదు. రాస్తే తేలికవుతుందేమో.

అన్నయ్య స్కూలు వ్యాను నడిపేవాడు. తాగి నడిపాడు. గేటుకు గుద్దాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ వ్యాను నిండా పిల్లలు, అందులో మా పాప. ఆ సాయంత్రం స్కూలు ముందు ఎంతమంది తల్లులు నిలబడి నా మొహం చూశారో! ఆ తరవాత అన్నయ్య మా ఇంట్లో తల ఎత్తలేదు. పాప మామయ్యా అని పిలిచినా పలికేవాడు కాదు. ఒక పొద్దున చూస్తే మంచం ఖాళీ.

తనే వెళ్ళాడు. ఎవరూ పొమ్మనలేదు. మా ఆయన కూడా ఏమీ అనలేదు. పోలీసులకు చెబుదామా అని కూడా అడిగారు. నేనే వద్దన్నాను. పెద్దవాడు, తనే వస్తాడులే అన్నాను.

ఏప్రిల్ 16

కమిటీ మీటింగు. అంతా బాగా జరిగింది. జమ్ము, తుంగ, ఒడ్డు మట్టి జారకుండా పరిచే కొబ్బరి పీచు చాపలు, అన్నీ ఒప్పుకున్నారు. చివర్లో మొదటి కమాను సంగతి వచ్చింది.

"అక్కడ ఇనుప కడ్డీలు పాతేస్తే సరిపోతుంది" అన్నాడు ఇంజనీరు.

"ఛ, జైల్లా ఉంటుంది" అంది అధ్యక్షురాలు. "మనం ఎవర్నీ తరమొద్దు. అది పద్ధతి కాదు. అక్కడ అందంగా ఏదైనా వస్తే వాళ్ళే సర్దుకుంటారు."

మా సార్ నా వైపు తిరిగాడు. "మొక్కలతో ఏమైనా చెయ్యగలమా?"

అందరూ నన్నే చూస్తున్నారు. కమాను కింద వాన పడదు, ఎండ రాదు, అక్కడ మొక్క సరిగ్గా బతకదు. ఆ మాట చెప్పి ఊరుకుంటే అయిపోయేది. కానీ నేను అన్నది వేరు: "ముళ్ళపొదలు పెట్టొచ్చు. చిన్న పిట్టలు గూళ్ళు కట్టుకుంటాయి. పిల్లులు, కుక్కలు దగ్గరికి రాలేవు."

అధ్యక్షురాలు చప్పట్లు కొట్టింది. నిజంగానే కొట్టింది.

ఏప్రిల్ 17

ముళ్ళపొదల్లో చిన్న పిట్టలు గూళ్ళు కట్టుకునే మాట అబద్ధం కాదు. అన్ని పుస్తకాల్లోనూ ఉంది.

ఏప్రిల్ 21

కమాను డ్రాయింగు పూర్తయింది. వెలుతురు తగిలే అంచున వరసలుగా పొదలు, వెనక పెద్ద రాళ్ళు, రాళ్ళ మధ్య మళ్ళీ పొదలు. పైన "పిట్టల పొద" అని రాశాను. చూడ్డానికి బాగుంది.

మా ఆఫీసులో ఈ మధ్యే చేరిన అమ్మాయి దాన్ని చాలాసేపు చూసింది. "మేడమ్, పిట్టల కోసమైతే ఎండ తగిలే చోట, రేవు దగ్గర పెడదామా? ఇక్కడ సగం చచ్చిపోతాయి."

"చెప్పింది గియ్యి" అన్నాను.

ఆ అమ్మాయితో నేనెప్పుడూ అలా మాట్లాడలేదు. మొహం ఎర్రగా అయిపోయి తన కుర్చీ దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం కాఫీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తప్పు తనదైనట్టు.

రేపు అన్నయ్య దగ్గరికి వెళ్తాను.

ఏప్రిల్ 22

వెళ్ళలేదు. తలనొప్పి.

ఏప్రిల్ 24

వెళ్ళలేదు. పాప స్కూల్లో మీటింగు.

ఏప్రిల్ 28

వెళ్ళాను. మధ్యాహ్నం, సైటులో ఎవరూ ఉండని వేళ చూసుకుని. టిఫిన్ డబ్బాలో అన్నం, కూర తీసుకెళ్ళాను. ఆఫీసులో తినడానికని అమ్మకు చెప్పాను.

అన్నయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన ఒక ముసలాయన విరిగిన గొడుగు ఊచలకు తీగ చుడుతున్నాడు. అందరూ ఆయన్ని గొడుగుల తాత అంటారట. నన్ను చూడగానే అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"నమస్తే మేడమ్. కొలతలకి వచ్చారా?"

తాత మా ఇద్దర్నీ ఓసారి చూసి, "ఇక్కడ చీకటిగా ఉంది, వెలుతుర్లో చేసుకుంటా" అని గొడుగు పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"నేనన్నయ్యా" అన్నాను.

"తెలుసు. అటూ ఇటూ చూసుకోవద్దా? ఎవరైనా వింటే?"

"ఆ రోజు నన్ను చూశావా?"

"నువ్వు మెట్లు దిగుతుంటేనే చూశా. నీ నడక నాకు తెలియదా? అందుకే అటు తిరిగా. మొహం చూస్తే పాపం నువ్వు మాట్లాడాల్సి వస్తుంది."

ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. సాయం చేసినవాడు సాయం గురించి చెప్పినట్టే అన్నాడు.

తింటూ చాలా మాట్లాడాడు. తాగడం తగ్గించాడట. పూర్తిగా కాదులే అన్నాడు తనే. దారి మొదట్లో పెట్టిన పెద్ద బోర్డు చూశాడట, కింద నా పేరు కూడా చదివాడట. "ఎంత బాగా గీశావు చిట్టీ! నీళ్ళు, పిల్లలు, సైకిళ్ళు, ఆ కొంగ కూడా. రోజూ వెళ్ళి చూసొస్తా. నేను తాతకి కూడా చెప్పలేదు, ఎవరిదో మనకేం తెలుసు అన్నా." కాసేపు నమిలి, "బొమ్మలో మమ్మల్ని గియ్యలేదు గానీ" అని నవ్వాడు.

ఇంటికి రమ్మన్నాను. అమ్మ ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. పాప? బాగుంది. "ఉండనీ. బాగున్నవాళ్ళ మధ్యకి నేనెందుకు?" అన్నాడు.

"ఇక్కడ పని మొదలవుతుంది అన్నయ్యా. వేరే చోటు చూసుకోవాల్సి వస్తుందేమో."

"దారి పని కదా? మేం దారిలో లేం కదా. లోపల ఉన్నాం."

అవునన్నాను. డబ్బా కడిగిచ్చాడు. నదిలోనే కడిగాడు.

ఏప్రిల్ 29

ముళ్ళపొదల సంగతి చెప్పలేదు. సందర్భం రాలేదు.

మే 12

నర్సరీకి వెళ్ళి మొక్కలు చూశాం. పొదలు బాగా దట్టంగా ఉన్నాయి. ముళ్ళు వేలి పొడవున్నాయి. నర్సరీ అతను "జాగ్రత్త మేడమ్, లోపల విరిగితే తీయడం కష్టం" అన్నాడు.

మే 30

కమాను ఖాళీ చేయించారట. ఇంజనీరు చెప్పాడు. గొడవేమీ జరగలేదట. మున్సిపాలిటీ బండి వచ్చి దుప్పట్లు, పెట్టెలు ఎత్తుకెళ్ళింది, మనుషులు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయారట.

వాళ్ళంతట వాళ్ళే.

జూన్ 6

ఇవాళ జరిగింది రాయాలి. రాయకపోతే రేపటికి దీన్ని కూడా నాకు నచ్చినట్టు మార్చేసుకుంటాను.

మొదటి వాన పడి నేల మెత్తబడింది, అందుకే నాట్లు మొదలుపెట్టాం. మేస్త్రికి మనుషులు చాలలేదు. దారిలో పని అడిగినవాళ్ళను పిలుచుకొచ్చాడు. నేను వెళ్ళేసరికి కమాను దగ్గర నలుగురు గుంతలు తవ్వుతున్నారు. అందులో అన్నయ్య.

శుభ్రంగా ఉన్నాడు. గడ్డం పొట్టిగా కత్తిరించుకున్నాడు. నన్ను చూసి, అందరితో పాటే, "నమస్తే మేడమ్" అన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. మా ఇద్దరికే తెలిసిన ఆటేదో ఆడుతున్నట్టుంది ఆ మొహం. చెల్లెలు గీసిన తోటలో పని చేస్తున్నాడు, ఆ గొప్పేమో అది.

డ్రాయింగు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఎక్కడ ఏ మొక్కో చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఇక్కడ ఒకటి. ఇక్కడ ఒకటి. అన్నయ్య సంచి చింపి, వేళ్ళ చుట్టూ మట్టి రాలిపోకుండా రెండు చేతులతో ఎత్తి గుంతలో పెడుతున్నాడు. చేతులకు తొడుగుల్లేవు. మొదటి వరసకే ముంజేతుల నిండా గీరుకుపోయింది.

"తొడుగులివ్వలేదా?" అని మేస్త్రిని అడిగాను.

"రెండు జతలే ఉన్నాయి మేడమ్, పాతవాళ్ళకిచ్చా" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఆ గడ్డపాయన మీకు తెలుసా? ఇందాకట్నుంచీ మీ వైపే చూస్తున్నాడు. ఏమైనా తేడాగా ఉంటే పంపించేస్తా" అన్నాడు.

"తెలియదు" అన్నాను.

గొంతు తగ్గించలేదు నేను. అన్నయ్య మూడడుగుల దూరంలో ఉన్నాడు. తల ఎత్తలేదు. పార అలాగే పడుతోంది, లేస్తోంది.

మధ్యాహ్నం తరవాత లోపలి వరస మొదలైంది, రాళ్ళ మధ్యది. నేను చూపించిన చోట అన్నయ్య ఒక మొక్క పెట్టాడు, తరవాతి చోటు చూశాడు, మళ్ళీ మొదటిది చూశాడు. నడుం మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ చూశాడు. సరిగ్గా అక్కడే, ఆ గోడ పక్కనే, తను ఇన్నాళ్ళూ పడుకున్నది. అన్నం తిన్నది కూడా అక్కడే.

"ఇవి దేనికి మేడమ్?"

"పిట్టలకి."

"ఓహో."

తరవాత కింద కూర్చుని, జానలతో రెండు గుంతల మధ్య దూరం కొలిచాడు.

"ఇంకా దగ్గరగా పెట్టాలి మేడమ్. ఇలా ఐతే మనిషి ఒత్తిగిలి పడుకోడానికి చోటు మిగిలిపోతుంది."

వెక్కిరించలేదు. అదే నేను మర్చిపోలేకపోతున్నది. పని చెడకూడదని చెప్పినట్టే చెప్పాడు. నా వైపు చూడకుండా మధ్యలో ఇంకో గుంత తవ్వాడు. అందులో ముళ్ళమొక్క పెట్టి, మట్టి పోసి, అరచేత్తో అదిమాడు.

నేను డ్రాయింగు మీద ఆ మొక్కను గుర్తు పెట్టుకున్నాను. అదనంగా ఒకటి అని రాసుకున్నాను. అలవాటు కొద్దీ.

జూన్ 7

సైటుకు వెళ్ళలేదు. జ్వరం అని చెప్పాను.

జూన్ 9

మేస్త్రి ఫోను చేశాడు. కమాను పని అయిపోయిందట. ఆ గడ్డపాయన రెండో రోజు రాలేదట. "కూలి కూడా పూర్తిగా తీసుకోలేదు మేడమ్, పిచ్చాళ్ళు, ఏం చెప్తాం" అన్నాడు.

జూన్ 20

ప్రారంభం అయింది. ముఖ్య అతిథి నడిచారు, ఫొటోలు దిగారు. నా చేత ఒక మొక్కకు నీళ్ళు పోయించారు. అధ్యక్షురాలు మైకులో "మనుషులతో పాటు గబ్బిలాలకూ పిట్టలకూ కూడా చోటిచ్చిన మా డిజైనర్" అంది. అందరూ చప్పట్లు. ఆఫీసు అమ్మాయి మాత్రం నీళ్ళ వైపు చూస్తోంది.

నాకు చెమటలు పట్టాయి. ఎండ అనుకున్నారు. కుర్చీ వేశారు.

జూన్ 21

పేపర్లో ఫొటో వచ్చింది. అమ్మ పాప చేత రెండు సార్లు చదివించుకుంది. తరవాత, "ఈ పేపరు వాడుండే ఊళ్ళో కూడా వస్తుందా?" అని అడిగింది.

వస్తుందన్నాను.

"అయితే చూసే ఉంటాడు. వాడికి నువ్వంటే ఎంత గొప్పో! నీ పరీక్షలప్పుడు వాడు నైట్ డ్యూటీ చేసొచ్చి, నీకు నిద్రొస్తుందని పక్కన కూర్చుని నీ పుస్తకం వాడు చదివేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు వాడికి."

స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి కూర్చున్నాను.

జూన్ 26

ఆగకుండా వాన. నది ఎర్రగా, ఒడ్డు నిండుగా ఉంది. పీచు చాపలు పట్టుకున్నాయి, మట్టి జారలేదు. మా సార్ అభినందించాడు.

ఈ వానలో ఎక్కడున్నాడో.

జూన్ 28

మేస్త్రి ఫోను చేసి, ముక్కుతూ మూలుగుతూ, చివరికి అసలు సంగతి చెప్పాడు. ఆ గడ్డపాయన చెయ్యి వాచిపోయి, జ్వరంతో మార్కెట్ షెడ్డులో పడి ఉంటే ఎవరో పెద్దాసుపత్రిలో చేర్చారట. నాట్ల రోజున ముల్లు విరిగిందట అరచేతిలో. "మన మీదకేమైనా వస్తుందా మేడమ్? తొడుగులివ్వలేదని అంటారా?"

"ఆయన మా అన్నయ్య" అన్నాను.

"ఆ రోజు మీరు తెలియదన్నారు కదా మేడమ్" అన్నాడు. పొడవడానికి కాదు. అర్థంకాక అడిగాడు.

జూన్ 28, సాయంత్రం

అమ్మకు చెప్పాను. ముందు ఫ్యాక్టరీ లేదని చెప్పాను. తరవాత వంతెన. తరవాత ముళ్ళు. మా ఆయన వంటగది గుమ్మంలో నిలబడి విన్నారు, ఆయనక్కూడా ఇదంతా ఇప్పుడే తెలియడం.

అమ్మ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అంతా అయ్యాక, "క్యాంటీన్?" అంది.

"లేదమ్మా."

తల ఊపింది. లేచి బీరువాలోంచి ఉతికిన చీర తీసుకుంది. కట్టుకుంటూ, నా వైపు తిరక్కుండా అంది. "వాడు చేసింది తాగి చేశాడు. నువ్వు తెలివిలో ఉండి చేశావు."

ఆసుపత్రిలో అన్నయ్య కుడి చేతికి మోచేతి దాకా కట్టు. చూపుడు వేలు తీసేశారు. చీము పైకి పాకిందట, ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యే పోయేదట. నర్సు "మీరు ఏమవుతారు?" అనడిగితే అమ్మ నా కన్నా ముందే చెప్పేసింది, "నేను వాళ్ళ అమ్మని, ఇది వాడి చెల్లెలు" అని. నాకు ఆ మాట చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు. సరిగ్గానే చేసింది.

అన్నయ్య కళ్ళు తెరిచి అమ్మను చూసి దుప్పటి మొహం మీదకు లాక్కున్నాడు. అమ్మ దుప్పటి లాగి, "గెడ్డం ఏంట్రా అలా పెంచావు" అని తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూనే ఉంది. పక్క మంచంవాళ్ళు లేచి కూర్చున్నారు. అన్నయ్య ఏడుస్తూ నవ్వుతున్నాడు.

నేను మంచం కాళ్ళ వైపు నిలబడ్డాను.

జూన్ 29

అమ్మ మాట్లాడలేదు.

జూన్ 30

అమ్మ మాట్లాడలేదు. అన్నయ్యకు జావ కాచింది. డబ్బా నా చేతికివ్వకుండా మా ఆయన చేతికిచ్చింది.

జూలై 2

కమిటీ మీటింగుకు వెళ్ళాను. పిలవలేదు, నేనే వెళ్ళాను. కమాను కింది పొదలు తీసేద్దామన్నాను. అక్కడ మొక్కలు బతకవని మొదటి రోజే నాకు తెలుసని చెప్పాను. మనుషులు పడుకోకుండా ఉండటానికే గీశాను, పిట్టల మాట పైపూత అని చెప్పాను. అక్కడ పడుకున్నవాళ్ళలో ఒకరు మా అన్నయ్య అని కూడా చెప్పాను.

అధ్యక్షురాలు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, ముందే చెప్పొచ్చు కదమ్మా! మీ అన్నయ్యకి ఏదో ఒకటి చూసేవాళ్ళం."

నిజంగా బాధపడింది ఆవిడ. పొదలు మాత్రం తీసేది లేదంది. పేపర్లో వచ్చింది, జనం మెచ్చుకుంటున్నారు, ఇప్పుడు పీకితే ఏం చెప్తాం అంది. మా సార్ నన్ను బయటికి తీసుకొచ్చి కొన్నాళ్ళు సెలవు తీసుకోమన్నాడు.

మెట్లు దిగుతుంటే ఒక సంగతి తట్టింది, అక్కడే కూర్చుండిపోయాను. ఆవిడ ఆ మాట అన్నప్పుడు నాకు కోపం రాలేదు. అయ్యో, నిజమే, ముందే చెప్పాల్సింది అనుకున్నాను. అన్నయ్యొక్కడికి చోటు దొరికి ఉంటే, ఆ పొదలు నాకు ఏ ఇబ్బందీ లేకుండా ఇవాళ్టికీ పిట్టల పొదలే.

జూలై 3

ఆసుపత్రిలో అన్నయ్యకు క్షమించమని చెప్పాను. సరిగ్గా చెప్పడం రాలేదు. ముళ్ళు, తొడుగులు, మేస్త్రి, అన్నీ కలిపేశాను.

"నువ్వు తెలియదన్నప్పుడు మాత్రం కొంచెం తగిలింది" అన్నాడు. "నేను మేడమ్ అనడం వేరు చిట్టీ. అది నా అంతట నేను అన్నది."

అవునన్నాను.

కాసేపాగి, "తాత కనపడ్డాడా?" అన్నాడు.

"ఏ తాత?"

అన్నయ్య నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. ముళ్ళ గురించి చెప్పినప్పుడు కూడా అలా చూడలేదు.

"గొడుగుల తాత. నీ ముందే కూర్చున్నాడు కదా. మనం మాట్లాడుకోడానికి లేచి బయటికి పోయాడు. బండి వచ్చిన రోజు ఆయన గొడుగులన్నీ ఎత్తుకెళ్ళిపోయారు. నేను పనిలోకి వచ్చింది ఆయనకి కొత్త సామాను కొనిద్దామనే. ఆ తరవాత మళ్ళీ కనపడలేదు."

ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. "ముగ్గురో నలుగురో" అని రాశాను. ఎంతమందో కూడా లెక్కపెట్టలేదు. మే ముప్పైన "వాళ్ళంతట వాళ్ళే" అని రాసినప్పుడు కూడా అన్నయ్యనే తలుచుకున్నాను.

జూలై 8

అన్నయ్యను డిశ్చార్జి చేశారు. అమ్మ ఆటోలో ఎక్కించుకుని ఇంటికి తెచ్చింది. పాప తలుపు వెనక నుంచి కాసేపు చూసి, వచ్చి పక్కన కూర్చుని కట్టు మీద పెన్నుతో పువ్వు గీసింది. అన్నయ్య ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, చెయ్యి కదిలితే పువ్వు చెడిపోతుందని.

భోజనాల దగ్గర చెప్పాడు, రేపట్నుంచి తాతను వెతకాలి, దొరికే దాకా నేనిక్కడ ఉన్నట్టు లెక్కపెట్టొద్దు అని. మా ఆయన స్కూటరు ఇస్తానన్నారు. అన్నయ్య ఉలిక్కిపడ్డాడు. "నేను నడపను బావా."

"నేను నడుపుతాను" అన్నాను.

అమ్మ నా కంచంలో అన్నం వడ్డించింది. ఇన్ని రోజుల తరవాత.

జూలై 11

మార్కెట్ షెడ్డు, రైల్వే ప్లాట్‌ఫారాలు, ఆసుపత్రి వరండాలు తిరిగాం. లేడు.

మనిషి పడుకోడానికి చోటెక్కడ ఉంటుంది అని వెతుకుతూ తిరిగితే ఊరు వేరేగా కనిపిస్తోంది. పార్కు బెంచీల మధ్య ఇనుప చేతులు. కొట్ల మెట్ల మీద గుచ్చుకునే మేకులు. వాలుగా పోసిన అరుగులు, కూర్చుంటే జారేట్టు. ఇన్నేళ్ళూ వీటి పక్కనే తిరిగాను, కొన్నిటిని బాగున్నాయని ఫొటోలు కూడా తీసుకున్నాను. ఒక్కోదాని వెనకా నాలాంటివాళ్ళు ఎవరో కూర్చుని, మనిషి పొడవు కొలుచుకుని గీశారు.

అన్నయ్య ప్రతిచోటా ఆగి అక్కడున్నవాళ్ళతో కూర్చుంటాడు. నన్ను చూపించి "మా చెల్లెలు" అంటాడు. ప్రతిసారీ నాకు తల కొట్టేసినట్టుంది. వాళ్ళు నాకు నమస్కారం పెడుతున్నారు.

జూలై 14

దొరికాడు.

పాత బస్ డిపో, ఇప్పుడు బస్సులు రావు. ప్రయాణికుల షెడ్డులో, బెంచీల వెనక, నేల మీద. పొద్దున తొమ్మిది గంటలకు కూడా గోనెసంచి మీద పడుకునే ఉన్నాడు. అన్నయ్య గొంతు విని లేచాడు. కట్టు చూసి, "వేలేదిరా?" అన్నాడు.

"మొక్కతో పాటు నాటా తాతా, ఇంకా మొలవలేదు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. తాతకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు.

"మా చెల్లెలు" అన్నాడు అన్నయ్య.

"తెలుసులే. ఆ రోజే అనుకున్నా. ఇద్దరిదీ ఒకటే ముక్కు."

నేను నిలబడే చెప్పాను. వంతెన కింద ముళ్ళు పెట్టించింది నేనేనని, మీ అందర్నీ లేపేయడానికే పెట్టించానని, మీ గొడుగులు పోవడం కూడా నా వల్లేనని. అన్నయ్య బయట రోడ్డు వైపు చూస్తున్నాడు. తాత నా మొహంలోకి చూస్తూ అంతా విన్నాడు. పరవాలేదులే అంటాడేమో అనుకున్నాను. నిజం రాయాలంటే, అనాలని కోరుకున్నాను.

అనలేదు.

"అక్కడ నేల పొడిగా ఉండేది" అన్నాడు. "ఇక్కడ చెమ్మ. నడుం పట్టేసింది."

మా ఇంటికి రమ్మన్నాను. మళ్ళీ అదే పాత తప్పేమో, ఒక్కరికి ఒక చోటు. అయినా అడిగాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఇంకా ఇద్దరున్నారు, వాళ్ళు కాలవ అవతల ఉన్నారు, వాళ్ళను అడక్కుండా నేనేం చెప్పను అన్నాడు. వాళ్ళు మధ్యాహ్నానికి వస్తారట.

"అయితే వచ్చేదాకా ఉంటాం" అన్నాడు అన్నయ్య, కింద చతికిలబడుతూ.

నేను నిలబడే ఉన్నాను. తాత రెండు చేతులూ నేలకు ఆనించి, నడుం పట్టుకుని, మెల్లగా పక్కకు జరిగాడు. తను కూర్చున్న గోనె మీద అరచేత్తో దుమ్ము దులిపాడు.

"కూర్చో తల్లీ. ఎంతసేపని నిలబడతావు!"

కూర్చున్నాను. ఆయన జరిగిన చోట గోనె ఇంకా వెచ్చగా ఉంది.